ముందు పోయేవి కాళ్ళే

మైక్ టైసన్ ప్రాక్టీస్ వీడియో మీ ఫోన్‌లోకి కూడా వచ్చే ఉంటుంది. 2024లో జేక్ పాల్‌తో ఫైట్‌కు ముందు తెగ తిరిగిన రీల్ అది. తెల్లబడిన గడ్డం, ముఖం మీద టాటూ, ఎదురుగా కోచ్ పట్టుకున్న ప్యాడ్ల మీద ధన్ ధన్ ధన్‌మని నాలుగు గుద్దులు. ఐదారు సెకన్లు, అంతే. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: ఆ యూట్యూబర్ పిల్లగాడి పని అయిపోయింది. మా సిద్దిపేట ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూపులో బిర్యానీ పందేలు కూడా నడిచాయి. ఎక్కువ మంది టైసన్ వైపే.

నవంబర్ 15న టెక్సస్‌లో ఫైట్ జరిగింది. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది. టైసన్‌కు 58 ఏళ్ళు, పాల్‌కు 27. నెట్‌ఫ్లిక్స్‌లో చూసినవాళ్ళకు ఆ గుండ్రంగా తిరిగే చక్రమే ఎక్కువ గుర్తుండి ఉంటుంది, అది వేరే సంగతి. మొత్తం ఫైట్‌లో టైసన్ విసిరిన పంచ్‌లు 97. తగిలినవి 18. మొదటి రౌండ్‌లో కాస్త ఉరికాడు. ఆ తర్వాత నిలబడటమే పెద్ద పనైపోయింది. చేతులు పైకి లేస్తున్నాయి కానీ కాళ్ళు ఆయన్ని ఎదుటి మనిషి దగ్గరికి తీసుకుపోవడం లేదు.

ఐదు సెకన్ల రీల్‌లో వయసు కనపడదు. ప్యాడ్ పట్టుకున్న కోచ్ మనకోసం దగ్గరికొచ్చి నిలబడతాడు. ప్రత్యర్థి నిలబడడు కదా. బాక్సింగ్ వాళ్ళ మధ్య ఒక పాత మాట ఉంది: ముందు కాళ్ళు పోతాయి, తర్వాత రిఫ్లెక్స్ పోతుంది, పంచ్‌లో బలం మాత్రం చివరిదాకా ఉంటుంది. అందుకే వయసైన బాక్సర్ రీల్స్ ఎప్పుడూ బ్రహ్మాండంగా ఉంటాయి. వాటిలో మనకు చూపించేది ఆ చివరిదాకా ఉండేదాన్నే.

ఇది మన ఊళ్ళకు తెలియని సంగతేం కాదు. మా బాపు వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో కబడ్డీ ఆడేవాడు. ఇరవైల్లో ఆయన పని కూతకు పోవడం. ముప్పై దాటాక మూలకు నిలబడి కాళ్ళు పట్టడం. ఎందుకు మారినవ్ బాపూ అని ఒకసారి అడిగితే, "కూతకు పోతే తిరిగి రావాలె గద బిడ్డా. పోవుడైతుండె, వచ్చుడే అయితలేకుండె" అన్నాడు. స్పోర్ట్స్ సైన్స్ పుస్తకం ఒక చాప్టర్ తీసుకుని చెప్పేది ఇదే. పట్టు పట్టడానికి పెద్దగా పరుగు అక్కర్లేదు. ఎదుటివాడు ఏ కాలు ముందేస్తాడో తెలిస్తే చాలు. అది తెలియడానికి పదేళ్ళు పడుతుంది.

కానీ కబడ్డీలో జట్టు ఉంటుంది, ఆ మూల నుంచి ఈ మూలకు జరగొచ్చు. క్రికెట్‌లో బౌండరీ దగ్గర పరిగెత్తలేనివాడు స్లిప్‌లోకి వస్తాడు. మన సానియా మీర్జా మణికట్టు, మోకాళ్ళు సహకరించక 2013లో సింగిల్స్ మానేసి, 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. బాక్సింగ్‌లో డబుల్స్ లేదు. కూతకు పోవాల్సిందీ, పట్టు పట్టాల్సిందీ, తిరిగి రావాల్సిందీ ఒక్కరే. పైగా తప్పు జరిగితే పోయేది పాయింట్ కాదు, తల అదిరిపోతుంది. కాబట్టి బాక్సర్ వయసుతో పాటు మారడమనేది స్టైల్‌కు సంబంధించిన ముచ్చట కాదు. రిటైరయ్యాక ఆ మనిషి తన పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుంటాడా లేదా అన్నదానికి సంబంధించింది.

అసలు లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం. కంటితో చూసి ఒంటిని కదిలించడానికి మనిషికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. మంచి జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా వేసే పంచ్, దాదాపు అంత సేపట్లోనే వచ్చి తగిలేస్తుంది. లెక్క ప్రకారం చూసి తప్పించుకోవడం కుదరని పని. మరి ఎలా తప్పించుకుంటున్నారు? చేతిని చూసి కాదు. భుజం కొంచెం పైకి లేవడం, నడుము తిరగడం, వెనక మడమ నేల వదలడం, ఇవి చూసి. పంచ్ బయల్దేరకముందే వీళ్ళు బయల్దేరతారు. కుర్రతనంలో ఈ అంచనా తప్పినా కాళ్ళు, నడుము వేగంగా కదిలి కాపాడేస్తాయి. వయసు పెరిగేకొద్దీ వేగంగా సంకోచించే కండరాల పోగులు తగ్గుతాయి, ఆ కాపాడేది పోతుంది. అంచనా మాత్రం ఏటికేడు పదునెక్కుతుంది. లేటెన్సీ పెరుగుతున్న సిస్టమ్‌ను క్యాష్ పెంచి నడిపించినట్టు అన్నమాట. (మా ఫీల్డ్ వాళ్ళు నవ్వుకోండి, మిగతావాళ్ళు ఈ వాక్యం వదిలేయండి.)

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఎంతకాలం నడుస్తుందన్నది బాక్సర్ కుర్రతనంలో దేన్ని నమ్ముకున్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. రాయ్ జోన్స్ జూనియర్ రిఫ్లెక్స్‌ను నమ్ముకున్నాడు. చేతులు కిందికి వేలాడేసి, దూరం నుంచి ఎగిరి హుక్ కొట్టేవాడు. ఇలా చేయకూడదని కోచ్‌లు చెప్పేవన్నీ చేసేవాడు, పదిహేనేళ్ళు ఎవరూ ఏమీ చేయలేకపోయారు. 2003 మార్చిలో హెవీవెయిట్ టైటిల్ కూడా గెలిచాడు. 2004 మేలో ఆంటోనియో టార్వర్ రెండో రౌండ్‌లో పడగొట్టాడు. అదే సెప్టెంబర్‌లో గ్లెన్ జాన్సన్ తొమ్మిదో రౌండ్‌లో పడగొట్టాడు. జోన్స్‌కు అప్పుడు 35. ఆయన ఆడిన ఆట ఏమీ మారలేదు, అదే ఇబ్బంది. పాత అలవాటు ప్రకారం చెయ్యి కిందే ఉంది, తల మాత్రం టైముకు పక్కకు జరగలేదు.

దీనికి పూర్తిగా ఎదురు బెర్నార్డ్ హాప్కిన్స్. చూడ్డానికి బోర్, నిజం చెప్తున్నా. ఆయన ఫైట్ పెడితే ఫోన్ చేతిలోకి వచ్చేస్తుంది. అర అడుగు ముందుకు, అర అడుగు వెనక్కి. ఎదుటివాడికి ఊపు రాగానే వెళ్ళి కౌగిలించుకున్నట్టు పట్టేసుకోవడం, దాన్నే క్లించ్ అంటారు. రిఫరీ విడదీసేలోపు ఆ ఊపు కాస్తా పోతుంది. మళ్ళీ అర అడుగు. అంటే తను వేగంగా ఉండలేడు కాబట్టి ఎదుటివాడిని నెమ్మదిగా ఉండేలా చేశాడు. 2011లో జాన్ పాస్కల్‌ను ఓడించి 46 ఏళ్ళకు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 2014లో 49 ఏళ్ళ వయసులో ఇంకో టైటిల్ గెలిచాడు. మరి ఆయనకూ చివరి రోజు వచ్చింది. 2016 డిసెంబర్‌లో, 51 ఏళ్ళప్పుడు, జో స్మిత్ జూనియర్ కొట్టిన దెబ్బకు తాళ్ళ మధ్య నుంచి రింగ్ బయట పడ్డాడు. కెరీర్ మొత్తంలో నాకౌట్ అయింది ఆ ఒక్కసారే, ఆ చివరి ఫైట్‌లోనే.

ఇప్పుడు మహమ్మద్ అలీ గురించి. ఆయన కథ అందరికీ తెలుసు, కానీ మనకు తెలిసింది సగమే అని నాకు అనిపిస్తుంది.

1964లో సోనీ లిస్టన్‌ను ఓడించినప్పుడు అలీకి 22. ఆ వీడియోలు చూస్తే హెవీవెయిట్ మనిషి అలా కదులుతాడా అని ఆశ్చర్యమేస్తుంది. పంచ్ వస్తుంటే తల అంగుళం వెనక్కి జరుపుతాడు, గాలి తప్ప ఇంకేం తగలదు. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్ళనన్నందుకు టైటిలూ లైసెన్సూ తీసేశారు. మూడున్నరేళ్ళు రింగ్ లేదు. 25 నుంచి 28, బాక్సర్‌కు బంగారంలాంటి వయసు. 1970 అక్టోబర్‌లో తిరిగొచ్చేసరికి చేతులు ఉన్నాయి, మాటలు ఉన్నాయి, ఆ పాత కాళ్ళు మాత్రం రౌండ్‌కు ఒక నిమిషమే పనిచేస్తున్నాయి. అప్పుడు అలీ తన గురించి తాను కొత్త విషయం ఒకటి కనిపెట్టాడు. తను దెబ్బలు తట్టుకోగలడు. కుర్రతనంలో దెబ్బలే తగల్లేదు కాబట్టి అంతవరకూ ఆ సంగతి ఎవరికీ తెలియదు.

1974 అక్టోబర్ 30, కిన్షాసా. జార్జ్ ఫోర్‌మన్‌కు 25, అలీకి 32. అలీ డ్యాన్స్ చేస్తాడని లోకమంతా అనుకుంది. రెండో రౌండ్ నుంచి వెళ్ళి తాళ్ళకు ఆనుకుని నిలబడ్డాడు. మొహానికి చేతులడ్డం పెట్టుకుని, కొట్టు కొట్టు అని రెచ్చగొట్టాడు. ఫోర్‌మన్ చేతులు, పక్కటెముకలు, నడుము, దొరికినచోటల్లా కొట్టాడు. కొట్టి కొట్టి ఎనిమిదో రౌండ్‌కు అలిసిపోయాడు. అప్పుడు అలీ పడగొట్టాడు. రోప్-ఎ-డోప్ అని పేరు పెట్టుకున్నారు. ఈ రోజుకూ మోటివేషన్ స్పీకర్లు దాన్ని వాడుకుంటారు: బలం లేకపోతే తెలివి వాడండి అని.

బిల్లు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రాత్రి పనిచేసిన ఉపాయం తర్వాత అలవాటైంది. 1975లో మనీలాలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు. 1977లో ఎర్నీ షేవర్స్ అనే భయంకరమైన పంచర్‌తో 15 రౌండ్లు. ఆ ఫైట్ తర్వాత ఆయన డాక్టర్ ఫెర్డీ పచెకో ఇక ఆపేయమని చెప్పి, వినకపోయేసరికి తనే జట్టు వదిలి వెళ్ళిపోయాడు. 1980లో ల్యారీ హోమ్స్ చేతిలో పది రౌండ్లు తన్నులు తిన్నాక కార్నర్ వాళ్ళే ఆపారు. 1981లో ఇంకొకటి ఆడి ఓడిపోయాడు. 1984లో పార్కిన్సన్స్ లక్షణాలు బయటపడ్డాయి, అప్పటికి 42 ఏళ్ళు. ఆ జబ్బుకు దెబ్బలే కారణమా అన్నదాని మీద డాక్టర్లు ఇంకా వాదించుకుంటారు. తలకు తగిలే దెబ్బలు కూడబెట్టుకుంటూ పోతే మెదడుకు మంచిది కాదన్న దాని మీద మాత్రం వాదన లేదు.

నాకు అర్థమైనంతవరకూ వయసైన బాక్సర్ స్టైల్ రెండు దారుల్లో మారుతుంది. ఒకటి, తక్కువ దెబ్బలు తినేలా మారడం. రెండోది, ఎక్కువ దెబ్బలు తిని తట్టుకునేలా మారడం. మొదటిది చూసి మనం బోర్ అంటాం. రెండోది చూసి గుండె ధైర్యం అంటాం, బీజీఎం వేసి ఎడిట్లు చేస్తాం. హాప్కిన్స్‌కు ఎడిట్లు లేవు. కానీ ఆయన ఇప్పటికీ టీవీల్లో గంటలు గంటలు మాట్లాడతాడు.

తమాషా ఏంటంటే కిన్షాసాలో ఓడిపోయిన ఫోర్‌మన్ మొదటి దారిలో వెళ్ళాడు. 1977లో మానేసి, పాస్టర్ అయి, పదేళ్ళ తర్వాత బొద్దుగా, గుండు చేయించుకుని, నవ్వుతూ తిరిగొచ్చాడు. కుర్ర ఫోర్‌మన్ కోపంగా రెండు చేతులా ఊపేసేవాడు, ఐదు రౌండ్లకే ఖాళీ అయ్యేవాడు. ముసలి ఫోర్‌మన్ జాబ్ వేసి ఆగేవాడు. రెండు చేతులూ మొహం ముందు అడ్డంగా కట్టుకుని తలుపు వేసుకున్నట్టు నిలబడేవాడు. రౌండ్ల మధ్య స్టూల్ మీద కూర్చునేవాడు కాదు, నిలబడే ఉండేవాడు. 1994 నవంబర్ 5న 26 ఏళ్ళ మైకేల్ మూరర్‌తో తొమ్మిది రౌండ్లు వెనకబడే ఉన్నాడు. పదో రౌండ్‌లో ఎడమ, వెంటనే కుడి. మూరర్ లేవలేదు. 45 ఏళ్ళకు మళ్ళీ హెవీవెయిట్ చాంపియన్. వేసుకున్నది 1974లో కిన్షాసాలో వేసుకున్న ఎర్ర నిక్కరే. పంచ్ చివరిదాకా ఉంటుందన్న మాటకు ఇంతకంటే సాక్ష్యం లేదు. ఆయన 2025 మార్చిలో పోయాడు, 76 ఏళ్ళకు.

సరే, ఇవన్నీ ప్రొఫెషనల్ బాక్సింగ్ కథలు. 12 రౌండ్లు, 36 నిమిషాలు ఉంటే ఆగొచ్చు, పట్టుకోవచ్చు, ఒక్క పంచ్ కోసం ఎదురుచూడొచ్చు. ఒలింపిక్ బాక్సింగ్ అలా కాదు. మూడు నిమిషాల రౌండ్లు మూడే. తొమ్మిది నిమిషాల్లో అయిపోవాలి. ఫోర్‌మన్‌లా తొమ్మిది రౌండ్లు వెనకబడి ఉండే వీలు అక్కడ ఎక్కడిది? అందుకే మనం వయసు గురించి మాట్లాడాలంటే అమెరికా కంటే నిజామాబాద్ వెళ్ళడం నయం. మాకు సిద్దిపేట నుంచి కామారెడ్డి మీదుగా మూడు గంటల దారి.

నిఖత్ జరీన్ 1996 జూన్ 14న పుట్టింది. నిజామాబాద్ కలెక్టరేట్ గ్రౌండ్‌కు నాన్న మొదట పరుగు పందేల కోసమే తీసుకెళ్ళాడు. అక్కడ అమ్మాయిలు బాక్సింగ్ ఎందుకు చేయట్లేదని అడిగి మరీ గ్లోవ్స్ వేసుకుంది. కోచ్ షంసముద్దీన్ దగ్గర నేర్చుకుంది. 2011లో టర్కీలోని అంటల్యాలో జూనియర్, యూత్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో బంగారు పతకం. ఫైనల్ స్కోరు 27-16. ఈ స్కోరు ఒకసారి మళ్ళీ చూడండి, ఇప్పుడు బాక్సింగ్‌లో ఇలాంటి స్కోర్లు రావు. అప్పట్లో జడ్జీలు పంచ్ తగిలినప్పుడల్లా మీట నొక్కేవాళ్ళు, కంప్యూటర్ లెక్కేసేది. కాబట్టి మీద పడి ఎక్కువ కొట్టినవాళ్ళదే రాజ్యం. 14 ఏళ్ళ పిల్లకు అది అతికినట్టు సరిపోయింది. 2013లో ఆ పద్ధతి తీసేసి రౌండ్‌కు పది పాయింట్ల పద్ధతి తెచ్చారు. రౌండ్‌ను ఎవరు ఏలారు అన్నది లెక్క. అంటే నిఖత్ తరం బాక్సర్లు వయసుతో మారడం ఒకటే కాదు, ఆట కింద నేల జరిగిపోతుంటే దానికి కూడా మారాల్సి వచ్చింది.

2017లో ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో భుజం జారిపోయింది. ఆపరేషన్, దాదాపు ఏడాది ఖాళీ. 21 ఏళ్ళకే ఒళ్ళు మాట వినకపోవడం ఏంటో తెలిసొచ్చింది. ఇది ఒకందుకు మంచిదే అయిందేమో, చెప్పలేం.

2019 డిసెంబర్ 28న ఢిల్లీలో జరిగిన ట్రయల్ బౌట్ గురించి ఇప్పటికీ ఫేస్‌బుక్‌లో కొట్టుకునేవాళ్ళు ఉన్నారు. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండా పంపుతారన్న మాట వస్తే, న్యాయంగా ట్రయల్ పెట్టమని నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. పెట్టారు. నిఖత్‌కు 23, మేరీకి 37. ఫలితం 9-1, మేరీ గెలిచింది. బౌట్ అయ్యాక చెయ్యి కలపలేదన్నదే హెడ్‌లైన్ అయింది. మన తెలుగువాళ్ళం అందరం నిఖత్ వైపు కాబట్టి మనకు ఆ చెయ్యే గుర్తుంది. నాకు మాత్రం ఆ బౌట్‌లో ముఖ్యమైంది ఇంకోటి అనిపిస్తుంది. ఇద్దరికీ శుభ్రంగా తగిలిన పంచ్‌లు తక్కువే. ఆ తక్కువలో ఎక్కువ మేరీవి. 14 ఏళ్ళు చిన్నదాన్ని 37 ఏళ్ళ మనిషి వేగంతో గెలవలేదు. తన దూరంలోకి రానిచ్చింది, వచ్చినప్పుడు కొట్టింది, వెంటనే తప్పుకుంది. నిఖత్ మీదికి పోవడం అయింది, బాపు అన్నట్టు వచ్చుడే కాలేదు.

ఆ మేరీకీ గడువు ఉంది. ఒలింపిక్ బాక్సింగ్‌కు 40 ఏళ్ళు దాటితే అనుమతి లేదు. టోక్యోలో 38 ఏళ్ళ వయసులో కొలంబియాకు చెందిన ఇంగ్రిట్ వలెన్సియా మీద 2-3 తేడాతో ఓడిపోయింది. తర్వాతి రెండు రౌండ్లూ తనవే అయినా మొదటి రౌండ్ 1-4గా పోవడం ముంచింది. ప్రొఫెషనల్‌లో అయితే మొదటి రౌండ్ అంటే పరిచయం చేసుకోవడం. ఇక్కడ అది మొత్తంలో మూడో వంతు. వయసైన బాక్సర్‌కు ఒళ్ళు వేడెక్కడానికి సమయం కావాలి, ఈ ఆటలో లేనిదే అది.

2022కి వచ్చేసరికి నిఖత్ వేరే మనిషి. మేలో ఇస్తాంబుల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, 52 కిలోలు, థాయ్‌లాండ్‌కు చెందిన జుటామస్ జిట్‌పాంగ్. 5-0. యూట్యూబ్‌లో ఉంటుంది, చూడండి. పొడవాటి చేతులు వాడుకుంటూ దూరం నుంచి జాబ్, వెంటనే కుడి చెయ్యి, మళ్ళీ దూరం. పాత దూకుడు పోలేదు, దానికి కళ్ళెం వచ్చింది. రెండో రౌండ్‌లో థాయ్ అమ్మాయి పుంజుకుంటే కంగారుపడి మీద పడలేదు, మూడో రౌండ్ మళ్ళీ తన దూరంలోకి లాక్కుంది. 25 ఏళ్ళకు వేగమూ అంచనా రెండూ ఒకేచోట కలిసే కొద్ది కాలం ఉంటుంది చూడండి, అది ఆ వీడియోలో ఉంది. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ బంగారం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్.

పారిస్‌లో ఆ కాలం ముగిసిందా? 2024 ఆగస్టు 1న చైనాకు చెందిన వు యు చేతిలో 0-5. సీడింగ్ లేకపోవడం వల్ల రెండో బౌట్‌కే ప్రపంచ చాంపియన్ ఎదురైంది, ఆ వు యునే చివరికి స్వర్ణం గెలిచింది కాబట్టి దురదృష్టం అనొచ్చు. నాకు దురదృష్టం కంటే బరువు ఎక్కువ కనిపించింది. నిఖత్ మొదటిసారి ప్రపంచ చాంపియన్ అయింది 52లో, ఒలింపిక్స్‌లో ఉన్నది 50. రెండు కిలోలే కదా అనుకోకండి. కొవ్వు లేని ఒంట్లో రెండు కిలోలంటే నీళ్ళు. బౌట్ ఉన్న ప్రతి ఉదయం తూకం. వారం తిరగకముందే వినేశ్ ఫోగట్ 100 గ్రాముల దగ్గర ఏమైపోయిందో దేశమంతా చూసింది. బరువు కోసం తిండీ నీళ్ళూ ఆపుకోవాల్సి వచ్చిందని ఓటమి తర్వాత నిఖత్ కూడా చెప్పింది. 19 ఏళ్ళకు రాత్రికి రాత్రి కోలుకునే ఒళ్ళు 28కి అలా కోలుకోదు. నీళ్ళు తగ్గితే ముందు ఏం పోతాయో మీకు ఈపాటికి తెలుసు.

అంతకుముందే అదే కలెక్టరేట్ గ్రౌండ్ నుంచి వచ్చిన ఇంకొకరికి ఆ సంగతి అక్షరాలా జరిగింది. కోచ్ షంసముద్దీన్ కొడుకు హుసాముద్దీన్, 2018, 2022 కామన్వెల్త్ కాంస్యాలు. 2023లో తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీస్ దాకా వెళ్ళాడు. మోకాలు దెబ్బతిని సెమీస్‌లో రింగ్ ఎక్కలేకపోయాడు. కాంస్యం వచ్చింది. అప్పటికి 29.

2025లో బరువుల పట్టిక మారింది, నిఖత్ 51కి వచ్చింది. ఒక్క కిలో వెనక్కి దొరికింది. సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో టర్కీ బాక్సర్ బుసె నాజ్ చాకిరోలుతో ఆడింది, 0-5. ఈ బుసె నాజ్‌నే 2022లో బల్గేరియాలో నిఖత్ ఓడించింది. ఆమె వయసు కూడా నిఖత్ వయసే, ఇద్దరూ 1996లో పుట్టినవాళ్ళే. కాబట్టి ఇక్కడ వయసు వంక పెట్టడానికి లేదు. ఒకే బ్యాచ్ వాళ్ళు. ఒకరు ఆ మూడేళ్ళలో తమ ఆటను దిద్దుకున్నారు, టోక్యో తర్వాత పారిస్‌లోనూ రజతం తెచ్చుకున్నారు. ఇంకొకరు బరువుతోనూ గాయాలతోనూ కొట్లాడారు. నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ప్రపంచ కప్ ఫైనల్స్‌లో చైనీస్ తైపీ అమ్మాయి మీద 5-0తో గెలిచి నిఖత్ మళ్ళీ బంగారం తెచ్చింది. దాంతో మనవాళ్ళు "క్వీన్ ఈజ్ బ్యాక్" అని స్టేటస్‌లు పెట్టేశారు. నేనూ పెట్టాను, సంతోషమే. కానీ లివర్‌పూల్ ఇచ్చిన ప్రశ్న అక్కడే ఉంది.

2028 జులైలో లాస్ ఏంజెలిస్. 51 కిలోల విభాగం ఉంది. అప్పటికి నిఖత్‌కు 32. మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ, రెండుసార్లు ప్రపంచ చాంపియన్, ఇక నిరూపించుకోవడానికి ఒలింపిక్ పతకం ఒక్కటే మిగిలింది. ఎదురుగా 21, 22 ఏళ్ళవాళ్ళు వస్తారు, తొమ్మిది నిమిషాలు ఆగకుండా ఉరుకుతారు. వాళ్ళతో సమానంగా ఉరికే ప్లాన్ పెట్టుకుంటే రెండో రౌండ్ సగానికి ఒళ్ళు లెక్క చెప్పేస్తుంది. తాళ్ళకు ఆనుకుని అలీలా తట్టుకునే ప్లాన్ ఈ ఫార్మాట్‌లో పనికిరాదు, పనికొచ్చినా వద్దు. మిగిలింది 2019లో మేరీ తన మీద వాడిన ఆటే. రానివ్వడం, వచ్చినప్పుడు కొట్టడం, తప్పుకోవడం. నిఖత్‌కు మేరీ కంటే పొడవైన చేతులు ఉన్నాయి, ఆ ఆటకు అవి ఇంకా బాగా పనికొస్తాయి. ఆ బౌట్ రికార్డింగ్ ఆమె ఎన్నిసార్లు చూసుకుందో నాకు తెలియదు, నేనైతే కోచ్ స్థానంలో ఉంటే రోజూ పెట్టి చూపిస్తాను.

ఈసారి ఆమె బౌట్ లైవ్ వచ్చినప్పుడు మీరొక పని చేయండి. చేతులు చూడకండి, అవి మనల్ని మోసం చేస్తాయి. మొదటి రౌండ్ మొదటి నిమిషం కాళ్ళు చూడండి. పంచ్ వేశాక వెనక కాలు ఎంత తొందరగా పక్కకు జరుగుతుందో చూడండి. కొట్టిన చోటే నిలబడి రెండోది వేయాలని చూస్తోందా, కొట్టి అర అడుగు తప్పుకుంటోందా. తప్పుకుంటుంటే కూర్చుని నిశ్చింతగా చాయ్ తాగొచ్చు.